కుక్క వాటా ముందే తీసిపెట్టండి

ఇంట్లోకి సీజన్ పండు ఏదొచ్చినా కత్తి చప్పుడు వినగానే మా రాకీ వంటింటి గుమ్మంలో తయారవుతాడు. వాడికి పెట్టకుండా తినడం నా వల్ల కాదు, పెట్టకూడదని కూడా నేను అనుకోను. కానీ ఒక పద్ధతి మాత్రం తప్పను. ఉప్పు, కారం, చక్కెర, నూనె ఏదీ పడకముందే వాడి వాటా తీసి వాడి గిన్నెలో వేస్తాను. మన ప్లేట్లోది మాత్రం ఎవరూ పెట్టకూడదు.

ముందు ఎంత పెట్టాలో చూద్దాం. రోజు మొత్తం తిండిలో చిరుతిళ్ల కేలరీలు 10 శాతం దాటకూడదని పశువైద్యులు చెబుతారు. రాకీ 10 కిలోలుంటాడు. ఆ బరువున్న కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు సరిపోతాయి, అంటే చిరుతిళ్లకు 60. 100 గ్రాముల పుచ్చకాయలో 30 కేలరీలుంటే, అంతే మామిడిపండులో 60 ఉంటాయి. బిస్కెట్లు పెట్టేవాళ్లు వాటినీ ఇందులోనే లెక్కేసుకోవాలి. లెక్కకు సరిపోయింది కదా అని ఒకేసారి అంత పెట్టేయొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. కొత్త పండయితే మొదటి రోజు ఒకటి రెండు చిన్న ముక్కలే పెడతాను. మర్నాడు వాడి కడుపు ఎలా ఉందో చూశాకే ఇంకాస్త. ఒకే రోజు రెండు కొత్త పండ్లు పెడితే ఏది పడలేదో తెలియదు.

రాకీ నమలడు. నోట్లో పడిందే ఆలస్యం, గుటుక్కున మింగేస్తాడు. చాలా కుక్కలు ఇంతే కాబట్టి, నమలకుండా మింగినా గొంతులో అడ్డం పడకుండా దిగిపోయేంత చిన్నగా ముక్కలు కోయాలి. పుచ్చకాయలో ఎర్రటి భాగం మాత్రమే తీసుకుని, గింజలు వేలితో ఏరేసి, బొటనవేలి గోరంత ముక్కలు చేస్తాను. పచ్చ తొక్క సరిగా అరగదు. మామిడి టెంకను చీకుతుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ అది జారి గొంతులోకో పేగుల్లోకో వెళ్లి అడ్డం పడితే ఆపరేషన్ దాకా పోతుంది. ఆపిల్‌లో గింజలున్న మధ్య భాగం తీసేయాలి, ఆ గింజల్లో సయనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. మొక్కజొన్న గింజలు ఉడికించి కాసిని పెట్టొచ్చు. గింజలు ఒలిచాక మిగిలే కండె మాత్రం కుక్కకు అందకూడదు. అది అరగదు, పేగుకు అడ్డం పడుతుంది. గుమ్మడికాయ, చిలగడదుంప తొక్క తీసి ఉత్తగా ఉడికిస్తే చాలు.

ద్రాక్ష విషయంలో నేను ఎవరి మాటా వినను. 'మా కుక్క తింది, ఏమీ కాలేదు' అని చాలామంది అంటారు. నిజమే, కొన్ని కుక్కలకు ఏమీ కాదు. కొన్నింటికి నాలుగైదు పండ్లకే కిడ్నీలు దెబ్బతింటాయి. మీ కుక్క ఏ రకమో ముందుగా చెప్పే పరీక్ష లేదు. దీనికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో అమెరికా పశువైద్య నిపుణులు ప్రతిపాదించారు. రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి ద్రాక్షలో ఆ ఆమ్లం మోతాదు మారిపోతుంది. అందుకే 'ఇంతవరకు ఫర్వాలేదు' అని చెప్పే మోతాదు లేదు. కిస్మిస్ కూడా అంతే ప్రమాదం, కేకుల్లో దాక్కుని వస్తుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

పండగ వంటల్లో భయపడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత విషం. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, వండినా, పొడి చేసినా కుక్క ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి, ఆ లక్షణాలు కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడవు. షుగర్‌ఫ్రీ మిఠాయిల్లో, చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ అరగంటలోనే రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడేయగలదు. వండిన ఎముకలు చీలి గుచ్చుకుంటాయి. కొవ్వు మాంసం పాంక్రియాస్ (క్లోమం) వాపు తెస్తుంది. ఈస్ట్ కలిపిన పచ్చి పిండి కడుపులో పొంగుతుంది.

చుట్టాలొచ్చిన రోజు అసలు టెన్షన్ ఇదే, ఒక్కొక్కరు ఒక్కో ముక్క పెట్టేస్తారు. వద్దంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. నేను రాకీ ముక్కల గిన్నెను వాళ్ల చేతికే ఇచ్చి, 'పెట్టాలనిపిస్తే ఇందులోంచి పెట్టండి, ఇది అయిపోతే ఇక ఇవాళ్టికి లేదు' అని చెబుతాను. పిల్లలే ఎంతో శ్రద్ధగా లెక్క చూసుకుంటారు.

ఇంత చూసినా ఏదైనా తినేస్తే, వాంతి అయ్యేదాకా ఎదురు చూడొద్దు. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి ఏం తిన్నదో, ఎంతో, ఎప్పుడో, కుక్క బరువెంతో చెప్పండి. ప్యాకెట్ ఉంటే పారేయకుండా వెంట తీసుకెళ్లండి. కక్కించాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. ఉప్పునీళ్లు తాగించడం అసలు చేయొద్దు, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. మా ఇంట్లో డాక్టరు నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంటాయి. రాకీని నెలకోసారి తూచి ఆ బరువు కూడా అదే కాగితం మీద రాస్తాను.