రెండు మూడు కార్లకు ఒకే శాటిలైట్ రేడియో: కొనేముందు కారు స్టీరియో చూడండి

మా రూమ్మేట్ వాళ్ల కాలేజీ జూనియర్ ఒకతను ఈమధ్యే డాలస్‌లో దిగాడు. ప్రాజెక్టు ఓక్లహోమా సిటీలో. వారం వారం ఐ-35 హైవే మీద పైకీ కిందికీ తిరుగుతున్నాడు. ఓసారి రూమ్మేట్ కరోలా, ఓసారి రెంటల్ కారు. దారిలో బోరు కొడుతోందని ఎవరినీ అడక్కుండా ఆన్‌లైన్‌లో పోర్టబుల్ శాటిలైట్ రేడియో సెట్టు ఒకటి తెప్పించుకున్నాడు. డెంటన్ దాటకముందే గరగర మొదలైంది. "అన్నా, శాటిలైట్ దొరకట్లేదు" అని ఫోను. డ్రైవింగ్‌లో ఫోనేంటని ముందు చీవాట్లు పెట్టి, తర్వాత సంగతి కనుక్కున్నాను. శాటిలైట్‌కు ఏ రోగమూ లేదు. గరగరంతా అతని సెట్టుకీ కారు స్టీరియోకీ మధ్య ఉన్న రెండడుగుల దూరంలోనే.

ఇది ఇతని ఒక్కడి కథ కాదు. ఏటా ఎవరో ఒకరు ఇదే రేడియో, ఇదే ప్రశ్నతో వస్తున్నారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అసలు మీకిది అవసరమా? తెలుగు పాటల కోసమైతే వద్దు. ఇక్కడి శాటిలైట్ రేడియోలో తెలుగు ఛానెల్ లేదు. ఒకప్పుడు మన దగ్గర వరల్డ్‌స్పేస్ సెట్టు పెట్టుకుని స్పందన అనే తెలుగు ఛానెల్ విన్నవాళ్లు ఆ ఆశతో అడుగుతుంటారు. ఆ కంపెనీ 2008లో దివాలా తీసింది, 2009 డిసెంబరు 31తో ఇండియాలో మూతపడింది. అమెరికాలో ఉన్నది సిరియస్‌ఎక్స్‌ఎం ఒక్కటే. సిరియస్, ఎక్స్‌ఎం అని రెండు వేరు కంపెనీలు 2008లో కలిసిపోయి ఇదైంది. వార్తలు, ఆటలు, కామెడీ, ఇంగ్లిష్ పాటలు దీంట్లో వినొచ్చు. ఊళ్లోనే తిరిగేవాళ్లకు ఫోన్ చాలు. అదే కంపెనీ యాప్‌లో కూడా వినొచ్చు.

ఫోన్ సిగ్నల్ లేనిచోటే దీని విలువ తెలుస్తుంది. నా మొదటి చలికాలం అయోవాలో గడిచింది. ఐ-80 మీద ఒమాహా దాకా వెళ్లి రావాలి. సాయంత్రం ఐదుకే చీకటి, రోడ్డుకు రెండు పక్కలా మొక్కజొన్న కోసేసిన పొలాలు, లెక్కపెట్టుకుని వాడాల్సిన డేటా. ఎఫ్‌ఎం పెడితే ఒక ఊరి స్టేషన్ తర్వాతి ఊరు వచ్చేలోపు మాయం. నిద్ర రాకుండా నాలో నేనే మాట్లాడుకుంటూ నడిపిన రోజులవి. అలాంటి దారిలో ఒక మనిషి గొంతు తెగకుండా వినిపిస్తే ఎంత ధైర్యమో ఆ రోడ్ల మీద తిరిగినవాళ్లకే తెలుసు. పశ్చిమ టెక్సాస్, వయోమింగ్ వైపు వెళ్లేవాళ్లు కొనుక్కోండి. అలాస్కా, హవాయిలో ఉద్యోగమొస్తే మాత్రం ఈ ఊసే మర్చిపోండి. ఉపగ్రహ సర్వీసు ఆ రెండూ పోగా మిగతా 48 రాష్ట్రాలకే.

ఇక 'పోర్టబుల్' అనగానే జేబులో వేసుకునేదని అనుకుంటున్నారు. కాదు. ఇప్పుడు దొరికే ఆనిక్స్, రోడీ, టూర్ లాంటి సెట్లకు సొంత బ్యాటరీ ఉండదు. కారు సాకెట్ నుంచి కరెంటు రావాల్సిందే. బ్యాటరీతో నడిచే లింక్స్ లాంటివి పాత సరుకు, సెకండ్ హ్యాండ్‌లో తప్ప దొరకవు. చందా కట్టేది కారుకు కాదు, సెట్టుకు. ప్రతి సెట్టుకూ ఒక రేడియో ఐడీ ఉంటుంది, ఛానెల్ 0 పెడితే తెర మీద కనిపిస్తుంది. ఆ సెట్టును ఊడదీసి ఏ కారులో పెట్టినా అదే చందా మీద పాడుతుంది. అదే కారులోనే కంపెనీ బిగించిన శాటిలైట్ రేడియో ఉందనుకోండి, దానికి వేరే ఐడీ, వేరే చందా. రెండు మూడు కార్లు మార్చేవాళ్లకు పోర్టబుల్‌తో లాభం ఇదే.

అయితే సెట్టు ఒకటైనా, తిరిగే ప్రతి కారులోనూ డాక్ (సెట్టును కూర్చోబెట్టే స్టాండు), యాంటెన్నా, పవర్ వైరు ఉండాలి. వీటన్నిటినీ కలిపి వెహికల్ కిట్ అని అమ్ముతారు. కాబట్టి సెట్టు ధర కాదు, సెట్టు ధరకు కిట్ల ధర కలిపి చూడండి. ఒక రకం సెట్టు డాక్ ఇంకో రకానికి పట్టకపోవచ్చు, మరీ పాతవైతే అసలు పట్టదు. తక్కువకొచ్చిందని పాత డాక్ కొని తెచ్చుకోకండి. రెంటల్ కార్లవాళ్లు రెండో కిట్‌ను చిన్న సంచిలో వేసి ఉంచుకుంటే సరి.

ఇప్పుడు అసలు సంగతి. సెట్టులో పాట కారు స్పీకర్లలోకి ఎలా వెళ్తుంది? ఈ ప్రశ్న అడక్కుండా కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఇది సెట్టును బట్టి కాదు, కారును బట్టి మారుతుంది. మీరు మూడు కార్లలో తిరుగుతుంటే మూడింటికీ మూడు జవాబులు రావచ్చు.

అన్నిటికన్నా మంచిది ఆక్స్. హెడ్‌ఫోన్ పిన్ను పట్టే రంధ్రం స్టీరియో ముందో, చేయి పెట్టుకునే పెట్టెలోనో, గ్లవ్‌బాక్స్‌లోనో ఉంటుంది. అన్ని చోట్లా వెతకండి. ఒక వైరు గుచ్చితే పని అయిపోయింది. 2000ల మొదట్లో వచ్చిన క్యామ్రీ లాంటి కార్లలో ఆక్స్ లేకపోయినా క్యాసెట్ స్లాట్ ఉండొచ్చు. వైరు వేలాడే క్యాసెట్ అడాప్టర్ ఒకటి అందులో తోస్తే చక్కగా పాడుతుంది. నవ్వకండి, నా అయోవా కారులో నన్ను కాపాడింది అదే. కొత్త కార్లలో ఆక్స్ తీసేస్తున్నారు, వాటికి రోడీ బీటీ లాంటి బ్లూటూత్ సెట్టు పనికొస్తుంది. అయితే కారు బ్లూటూత్ పాటలకు కూడానా, లేక కాల్స్‌కు మాత్రమేనా అన్నది ముందు చూసుకోండి. పాత వాటిలో చాలావరకు కాల్స్‌కే. పైగా చాలా కార్లు ఒకసారికి ఒక్కదాని పాటే తీసుకుంటాయి. రేడియో కలిపితే ఫోన్‌లో మ్యాప్ గొంతు ఆగిపోవచ్చు.

ఇవేవీ లేకపోతే మిగిలేది ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్, అంటే సెట్టులో పాటను బుల్లి ఎఫ్‌ఎం స్టేషన్‌లా కారు రేడియోకు గాల్లో పంపేది. మన కుర్రాళ్లందరూ మొదట పోయేది దీని దగ్గరికే, ఎందుకంటే బాక్స్‌లో ఉచితంగా వస్తుంది, ఏ కారులోనైనా పనిచేస్తుందని రాసి ఉంటుంది. ఖాళీగా ఉన్న ఎఫ్‌ఎం నంబరు ఒకటి చూసి, సెట్టులోనూ స్టీరియోలోనూ అదే పెట్టాలి. ఖాళీ ఎక్కడుంది? డాలస్, న్యూజెర్సీ, చికాగో లాంటి చోట్ల 88 నుంచి 108 దాకా సందు దొరకడమే కష్టం. దొరికినా నలభై మైళ్లు పోయేసరికి అదే నంబరు మీద ఇంకో ఊరి స్టేషన్ వచ్చి కూర్చుంటుంది. ఆ స్టేషన్ బలం లక్ష వాట్ల దాకా ఉండొచ్చు. మీ ట్రాన్స్‌మిటర్‌కు ఎఫ్‌సీసీ (రేడియో తరంగాల మీద పెత్తనం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన పరిమితి, మూడు మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి చెవిలో రహస్యం చెప్పినట్టు ఉంటుంది వ్యవహారం. 2006కు ముందు వచ్చిన కొన్ని సెట్లు ఆ పరిమితిని దాటి పక్క కార్ల రేడియోల్లోనూ పాడేవి. ఎఫ్‌సీసీ పట్టుకుంది, అప్పటి సిరియస్, ఎక్స్‌ఎం రెండు కంపెనీలూ బలం తగ్గించాల్సి వచ్చింది.

ఇంకో మెలిక ఉంది. కారు ఎఫ్‌ఎం యాంటెన్నా ముందు బానెట్ దగ్గరుంటే డ్యాష్ మీది ట్రాన్స్‌మిటర్‌ను బాగా అందుకుంటుంది. వెనక అద్దంలోనో వెనక కప్పు మీదో ఉంటే అందుకోదు. అందుకే రూమ్మేట్ కారులో బాగా పాడింది రెంటల్‌లో పాడదు. ఆ కుర్రాడు 70 మైళ్ల స్పీడులో ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో నంబర్లు తిప్పుతూ ఓక్లహోమా దాకా పోయాడట. వింటేనే నాకు టెన్షన్. ఈ ఎఫ్‌ఎంను చివరి దారిగానే చూడండి. సొంత కారైతే ఎఫ్‌ఎం డైరెక్ట్ అడాప్టర్ ఉంది, కారు యాంటెన్నా వైరుకీ స్టీరియోకీ మధ్యలో పెట్టేది. బాగా పనిచేస్తుంది కానీ డ్యాష్ విప్పాలి. ఇంకొకరి కారులో ఆ పని పెట్టుకోకండి.

ఆక్స్ పెట్టాక ఇంజిన్ రేజ్ చేసినకొద్దీ కీచుమని శబ్దం వస్తే సెట్టు పాడైందని వాపసు పంపకండి. పవర్, పాట రెండూ ఒకే కారు వైరింగ్‌లో తిరగడం వల్ల వచ్చే గోల అది. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా ఆక్స్ వైరు మధ్యలో పెడితే పోతుంది.

యాంటెన్నా సంగతి తేలిక. అయస్కాంతం ఉన్న నల్ల బిళ్ల, కప్పు మీద అంచుకు కాస్త దూరంగా పెట్టాలి. వైరును కిటికీలోంచి లాగితే అద్దం ఎత్తినప్పుడు నలిగి చస్తుంది. వెనక డిక్కీ రబ్బరు కిందనుంచి లోపలికి తెచ్చి, వెనక సీటు కిందుగా, తలుపు గడప ప్లాస్టిక్ లోపలినుంచి పాసింజర్ వైపు డ్యాష్ కిందికి తీసుకురండి. ముందద్దం పక్క స్తంభం లోపలినుంచి మాత్రం లాగొద్దు, చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ అక్కడే ఉంటుంది. అద్దం కప్పున్న కార్లకూ, 2015 నుంచి అల్యూమినియం బాడీతో వస్తున్న ఫోర్డ్ ఎఫ్-150కీ అయస్కాంతం అంటుకోదు. అప్పుడు ముందద్దం కింద డ్యాష్ మీద పెట్టి చూడండి. కార్ వాష్‌కు వెళ్లేముందు తీసేయడం మర్చిపోవద్దు. టెక్సాస్ ఎండలో సెట్టును డ్యాష్ మీదే వదిలేసి ఆఫీసుకు పోకండి, దొంగల భయం ఒకటి, తెర మాడిపోవడం ఒకటి.

చందా దగ్గర ఒక్క జాగ్రత్త. ఆఫర్ ధర అయిపోగానే కార్డు మీద పూర్తి రేటు దానంతటదే పడుతుంది. చేరినరోజే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఫీజులూ పన్నులూ కలిపి మొత్తం ఎంతో అడగండి. రద్దు చేసుకోవడాన్ని కష్టం చేశారని 2023 డిసెంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ కేసు వేశారు, ఆ రద్దు పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధమని 2024 నవంబరులో కోర్టు తేల్చింది. కార్డు బ్లాక్ చేస్తే చందా రద్దయినట్టు కాదు. బాకీ అలాగే ఉంటే, ఇప్పుడిప్పుడే క్రెడిట్ హిస్టరీ కట్టుకుంటున్నవాళ్లకు అదో తలనొప్పి. 'లైఫ్‌టైమ్ చందా ఉంది' అని పాత సెట్టు అమ్మేవాళ్లు తగులుతారు. రేడియో ఐడీ తీసుకుని కంపెనీని అడిగాకే డబ్బులివ్వండి.

సరే, ఇంత భయపెట్టాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. కార్లలో ఆక్స్ గానీ, పాటలు తీసుకునే బ్లూటూత్ గానీ ఉంటే మీకు పైన చెప్పిన బాధల్లో సగం లేవు. మిగతాది ఒక శనివారం మధ్యాహ్నం పని. ఎవరినీ పిలవక్కర్లేదు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మనవాళ్లు చాలామంది ఇలాగే పెట్టుకుని హాయిగా తిరుగుతున్నారు. ఆ కుర్రాడికి కరోలాలో ఆక్స్ దొరకలేదు గానీ రెంటల్‌లో దొరుకుతోంది, ప్రస్తుతానికి దాంతో సర్దుకుంటున్నాడు.

యాక్టివేట్ చేసేటప్పుడు అపార్ట్‌మెంట్ పార్కింగ్ గరాజ్‌లో కూర్చుని చేయకండి, సిగ్నల్ రాదు. కారును ఆరుబయటికి తెచ్చి, దక్షిణం వైపు ఆకాశానికి బిల్డింగులు, చెట్లు అడ్డం లేకుండా చూసుకోండి. సెట్టు ఆన్‌లోనే ఉంచి, ఛానెళ్లు తెరుచుకునేలా చేసే రిఫ్రెష్ సిగ్నల్ పంపమని కంపెనీని అడిగి, అన్ని ఛానెళ్లూ వచ్చేదాకా ఆపకండి. కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటికీ రాకపోతే కంపెనీకి మళ్లీ ఫోన్ చేసేముందు యాంటెన్నా పిన్ను సెట్టులో పూర్తిగా దిగిందో లేదో ఒకసారి నొక్కి చూడండి.