తేలిక చక్రాలకు యాభై వేలు పెట్టే ముందు

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ మీద, సోలార్ పలకల నీడలో రోజూ పొద్దున్నే తొక్కుతాడు. మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, కార్బన్ వీల్స్ చూశాను. జత 1,400 గ్రాములేనట. అరవై ఐదు వేలు. తీసేసుకోనా?" అన్నాడు.

"నీ బరువెంతరా?" అన్నాను.

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "తొంభై రెండు" అన్నాడు.

వాడికి ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. మాది విశాఖపట్నం. నాకు 48 ఏళ్లు, బరువు 76 కిలోలు. ఆదివారం బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లి రావడం, నెలకోసారి సైకిలు కారులో వేసుకుని ఎస్.కోట వెళ్లి అక్కణ్నుంచి అరకు ఘాట్ ఎక్కడం, ఇదే నా సైక్లింగు. రేసుల జోలికి పోను. మూడేళ్ల కిందట 54 వేలు పోసి తేలిక వీల్స్ కొన్నాను. చేతులు కాలాక చెబుతున్నానని అనలేను గానీ, సెగ మాత్రం బాగానే తగిలింది.

ముందు మీ దగ్గరున్న చక్రాలు తూకం వేయండి. చాలామంది ఈ పని చేయకుండానే కొత్తవి ఎంచడం మొదలుపెడతారు. టైరు, ట్యూబు, క్యాసెట్ (వెనక చక్రం గేర్ల పళ్ల గుత్తి), డిస్క్ బ్రేకు ఉంటే దాని డిస్క్ కూడా విప్పేసి ఉత్త చక్రం తూచాలి. నేను మా వీధి చివర కిరాణా కొట్టుకి పట్టుకెళ్లాను. చింతపండు పొట్లాలు పక్కకు జరిపి, ఎలక్ట్రానిక్ కాటా మీద చక్రం పెట్టించుకున్నాను. "ఏం మాస్టారూ, పాత ఇనుముకి వేసేస్తున్నారా?" అన్నాడు కొట్టాయన. సైకిలుతో వచ్చిన పాత జత 1,940 గ్రాములు. కొత్త జత కంపెనీ కాగితం మీద 1,450, కాటా మీద 1,480. కాగితం మీది లెక్కలో రిమ్ టేపు, వాల్వులు చాలాసార్లు కలపరు, అది గుర్తుంచుకోండి. అంటే నేను 54 వేలతో కొన్న తేడా 460 గ్రాములు.

ఇప్పుడు ఆ 460ని దేనితో పోల్చాలి? చక్రం బరువుతో పోల్చి చూస్తే పావు వంతు దాకా తగ్గినట్టుంటుంది, అమ్మేవాళ్లు చూపించేది అదే. కానీ కొండ ఎక్కేటప్పుడు మీరు మోసేది చక్రాన్ని ఒక్కదాన్నే కాదు. నేను, సైకిలు, బాటిలు, బూట్లు, హెల్మెట్ అన్నీ కలిపితే 87 కిలోలు. అందులో 460 గ్రాములంటే అర శాతం. ఒకే వేగంతో ఎక్కుతున్నప్పుడు ఆ గ్రాములు చక్రంలో ఉన్నాయా, పొట్టలో ఉన్నాయా అని కొండ అడగదు. నాకు అరగంట పట్టే ఎక్కుడులో అర శాతమంటే తొమ్మిది సెకన్లు. 54 వేలని తొమ్మిదితో భాగిస్తే సెకనుకు ఆరు వేలు! ఈ లెక్క మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇక్కడ ఎవరో ఒకరు అడ్డం వస్తారు. "చక్రంలో ఒక గ్రాము తగ్గితే ఫ్రేములో రెండు గ్రాములు తగ్గినట్టు, తిరిగే బరువు కదా!" అని. అది సగం నిజం. రిమ్ దగ్గరున్న బరువు ముందుకీ పోతుంది, గుండ్రంగానూ తిరుగుతుంది కాబట్టి దాన్ని వేగం ఎక్కించడానికి రెట్టింపు శక్తి కావాలి. కాకపోతే అది వేగం పెంచే ఆ కాసేపటికే. ఒకసారి వేగం అందుకున్నాక రెట్టింపు లేదు, గిట్టింపు లేదు. వేగం పెంచేటప్పుడైనా ఎంతని? ఆగిన సైకిలుని గంటకు 30 కిలోమీటర్ల వేగానికి తేవడానికి నా మొత్తం బరువుకి దాదాపు 3,000 జౌళ్ల శక్తి కావాలి. కొత్త చక్రాలు అందులో మిగిల్చేది 26 జౌళ్ల చిల్లర. ఒక శాతం కూడా లేదు. మా మేనల్లుడు తొక్కే ట్రాక్ 23 కిలోమీటర్లు, పెద్దగా ఎత్తులేమీ లేవు. అక్కడ ఈ లాభం ఇంకా తక్కువ.

లెక్కలు నమ్మని వాళ్లు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేసుకోవచ్చు. మీరు ఎప్పుడూ ఎక్కే ఎత్తుని ఒకసారి మామూలుగా, ఇంకోసారి జెర్సీ జేబులో అర లీటరు నీళ్ల బాటిలు అదనంగా పెట్టుకుని ఎక్కండి. ఆ బాటిలు బరువు కాళ్లకి తెలిసిందా? తెలియకపోతే తేలిక చక్రాల బరువూ తెలియదు.

నేను ఈ పరీక్ష కొనకముందు చేయలేదు, కొన్నాక చేశాను. బొడ్డవర దాటాక ఘాట్ మొదలయ్యే చోట ఒక కల్వర్టు నుంచి పైన నేను పెట్టుకున్న గుర్తు దాకా, గుండె వేగం 155 దాటనివ్వకుండా, ప్రతిసారీ టైర్లలో ఒకే గాలి పెట్టి ఎక్కాను. పాత చక్రాలు, పాత టైర్లతో మూడు రోజుల సగటు 30 నిమిషాల 40 సెకన్లు. కొత్త చక్రాలు, వాటితో పాటు వేయించిన కొత్త టైర్లతో 29 నిమిషాల 25 సెకన్లు. నిమిషం పైన తగ్గిందని సంబరపడిపోయి అందరికీ మెసేజ్ పెట్టాను. తర్వాత నెల ఎందుకో అనుమానం వచ్చి అవే కొత్త టైర్లు పాత చక్రాలకి ఎక్కించి చూశాను. 29 నిమిషాల 34 సెకన్లు. అంటే తగ్గిన 75 సెకన్లలో 66 టైర్లవి, 9 చక్రాలవి. నిజానికి ఒకే సెట్‌తోనే రోజుకీ రోజుకీ అర నిమిషం తేడా వస్తుంది, కాబట్టి ఆ తొమ్మిది కచ్చితంగా చక్రాలవేనని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. టైర్ల జత ఖరీదు 9 వేలు.

కాబట్టి డబ్బు ముందు టైర్లకి. సైకిలుతో వచ్చే టైర్లు చాలావరకు మొద్దువి. లోపల ఇనుప తీగ, మందపాటి రబ్బరు. వాటిని తీసేసి మడత పెట్టగలిగే మంచి రకం, రేసింగ్‌కి వాడేవి వేయించండి. బీచ్ రోడ్డు మీద గంటకు 28 కిలోమీటర్ల వేగంలో, నా బరువుకి, ఈ ఒక్క మార్పుతో 15 వాట్ల దాకా మిగులుతుంది. చక్రాలు మార్చి అంత మిగుల్చుకోవడం నా వేగానికి అయ్యే పని కాదు. ఫ్రేములో చోటుంటే 25 ఎంఎం వెడల్పు టైరు వదిలేసి 28 ఎంఎం వేయించండి. గాలి కూడా తగ్గించండి. ఒకప్పుడు నేను రాయిలా ఉండాలని 110 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టేవాణ్ని. ఇప్పుడు 28 ఎంఎంకి 70 నుంచి 75. గతుకుల్లో సైకిలు ఎగిరెగిరి పడటం తగ్గింది, నడుం నొప్పి కూడా. తర్వాత ట్యూబులు. మామూలు నల్ల ట్యూబు వంద గ్రాముల పైన ఉంటుంది, టీపీయూ ట్యూబు (పల్చటి ప్లాస్టిక్ రకం) నలభై లోపే. రెండింటికీ కలిపి 120 గ్రాములు తగ్గినట్టే, అదీ సరిగ్గా చక్రం అంచున. చక్రాల ఖర్చుతో పోలిస్తే ఇది టీ ఖర్చు. కాకపోతే పంక్చర్ పడితే మామూలు ప్యాచ్ అంటుకోదు, దానికి వేరే ప్యాచ్ ఉంటుంది.

ఆ తర్వాత పాత చక్రాలని ఒకసారి బాగు చేయించండి. చక్రం ఎత్తి పట్టుకుని, ఇరుసుని వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి. ఇసుక నలిగినట్టు గరగర తగిలితే బేరింగులు పోయినట్టే. చక్రం అవుట్ ఉండి, అంటే తిరిగేటప్పుడు పక్కకి ఊగుతూ, బ్రేకుకి రాసుకుంటుంటే అవుట్ తీయించాలి. ఈ రెండూ చేయిస్తే, "కొత్త చక్రాలతో సైకిలు ఎగిరిపోతోంది" అనేవాళ్లు చెప్పే ఆ అనుభూతిలో సగం పాత చక్రాలతోనే వచ్చేస్తుంది.

మరి చక్రాలు ఎప్పుడు కొనాలి? పాతవి అరిగిపోయినప్పుడు కొనాలి. రిమ్ బ్రేకు వాళ్లు రిమ్ పక్క అంచు మీద వేలు రాసి చూడండి. లోపలికి గుంట పడినట్టుంటే ఆ రిమ్‌తో ఘాట్ దిగొద్దు. నెలకో స్పోకు విరుగుతున్నా అంతే. పాత రిమ్ మరీ ఇరుకై వెడల్పు టైరు సరిగా కూర్చోకపోయినా మార్చుకోవచ్చు. రేసులకి వెళ్లేవాళ్లకి తొమ్మిది సెకన్లు చాలా ఎక్కువ, వాళ్లకి నా సలహా అక్కర్లేదు. ఇవేవీ లేకుండా, చూడటానికి బాగుంటాయని, లేచి తొక్కితే సైకిలు చటుక్కున కదిలినట్టుంటుందని కొనుక్కోవాలనిపిస్తే కొనుక్కోండి, తప్పేం లేదు. నాకూ అదే నచ్చింది. సెకన్ల పేరు చెప్పి మాత్రం కొనకండి.

కొనేటప్పుడు గ్రాముల కంటే ముందు సరిపోతాయా లేదా చూడాలి. రిమ్ బ్రేకా, డిస్కా? ఇరుసు 12 ఎంఎం థ్రూ యాక్సిలా (ఫ్రేములోంచి దూర్చి బిగించే లావు కడ్డీ), పాత క్విక్ రిలీజా (మీట తిప్పి బిగించే సన్న కడ్డీ)? డిస్కు ఆరు బోల్టుల రకమా, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్ లాకా? క్యాసెట్ ఎక్కే ఫ్రీహబ్ మీ గేర్లకి సరిపోతుందా? షిమానో కంపెనీ రోడ్డు సైకిలు 11 స్పీడు ఫ్రీహబ్ పాతదానికంటే 1.85 ఎంఎం పొడవు. 8, 9, 10 స్పీడు క్యాసెట్ దాని మీద వేస్తే స్పేసర్ (సన్న రింగు) కావాలి, లేదంటే క్యాసెట్ కటకటలాడుతుంది. రిమ్ బ్రేకుకి కార్బన్ రిమ్ తీసుకుంటే బ్రేకు ప్యాడ్లూ దానికి తగ్గవే వేయాలి. అయినా పొడవాటి ఘాట్ దిగుడులో రిమ్ వేడెక్కే భయం ఉంటుంది కాబట్టి నేనైతే తీసుకోను. రిమ్ లోతు 50 ఎంఎం అయితే భీమిలి రోడ్డు మీద సముద్రపు అడ్డగాలికి ముందు చక్రం చెయ్యి గుంజినట్టు పక్కకి లాగుతుంది. 30, 35 చాలు.

బరువైన వాళ్లు కాగితం మీద బరువు పరిమితి చదవాలి. ఆ పరిమితిలో సైకిలు కూడా కలుస్తుందా అని అడగాలి. తేలిక చక్రానికి స్పోకులు తక్కువ. మన గుంతల్లో 20 స్పోకుల చక్రం, దాని మీద 92 కిలోల మనిషి అంటే నాకు గుబులే. హుక్‌లెస్ రిమ్ (టైరు అంచుని పట్టుకునే కొక్కెం లేనిది) అయితే గాలి 72.5 పీఎస్ఐ దాటకూడదు, టైరు కూడా ఆ రిమ్‌కి సరిపోతుందని కంపెనీ రాసి ఉండాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రేసులో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ పడిపోయినప్పుడు హుక్‌లెస్ రిమ్ నుంచి టైరు ఊడి వేలాడుతున్న బొమ్మలు చూసి చాలామంది ప్రొఫెషనల్ రైడర్లే భయపడ్డారు. హుక్ ఉన్న రిమ్ దొరుకుతుంటే అదే తీసుకోండి.

ఇంకొకటి, సముద్రం పక్కన ఉండేవాళ్ల కోసం. నా చక్రాలకి స్పోకు నిపుల్స్ (స్పోకుని రిమ్‌కి బిగించే చిన్న నట్లు) అల్యూమినియంవి. బరువు తగ్గించడానికే అవి వేస్తారు, నేను అడగలేదు. పద్నాలుగు నెలలకి వెనక చక్రం కొంచెం అవుట్ వచ్చింది. కొన్న షాపుకే పట్టుకెళ్లాను. కుర్రాడు స్పోకు కీ పెట్టి తిప్పగానే చిన్న టిక్‌మనే చప్పుడు, నిపుల్ తల విరిగి రిమ్ లోపల గలగలలాడింది. రెండోది తిప్పాడు, అదీ అంతే. ఉప్పుగాలికి అల్యూమినియం తెల్లగా బూజు పట్టినట్టు తినేసి స్పోకుకి కరుచుకుపోయింది. ఏడు విరిగాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండు చక్రాలూ విప్పి ఇత్తడి నిపుల్స్ వేయించడానికి ఆరున్నర వేలు అయింది. తేడా మొత్తం 30 గ్రాములు. అందుకే విశాఖ, కాకినాడ, చెన్నై వాళ్లు కొనే ముందే "నిపుల్స్ ఇత్తడివేనా?" అని అడగండి. విడి స్పోకులు నాలుగు కూడా చక్రాలతోనే అడిగి తీసుకోండి, తర్వాత ఆ సైజు కోసం తిరగలేరు.

చక్రాలు వచ్చాక మొదటి రెండు వందల కిలోమీటర్లకి స్పోకుల టెన్షన్ (బిగువు) ఒకసారి చూపించండి, కొత్తవి కొంచెం సర్దుకుంటాయి. బీచ్ నుంచి వచ్చిన రోజు బకెట్ మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, నిపుల్ మొదట్లో ఒక్కో చుక్క నూనె వేయండి. నూనె డిస్కు మీద గానీ బ్రేకు అంచు మీద గానీ పడకుండా చూసుకోండి. నాకు పది నిమిషాల పని. పాత 1,940 గ్రాముల జత అటక మీద ఉంది, వానాకాలం దించుతాను.