బరువు ఆపరేషన్‌కి వెళ్తున్నారా? ముందు ఇంట్లో ఉగ్గుగిన్నె వెతికి పెట్టుకోండి

నాకు బరువు తగ్గడానికి చేసే స్లీవ్ ఆపరేషన్ అయి ఏడాదిన్నర దాటింది. అప్పుడు 112 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఇప్పుడు 80 దగ్గర ఉన్నాను. సంగతి బయటపడిన దగ్గర్నుంచీ చుట్టాల్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు చాటుగా పక్కకి పిలిచి అడుగుతూనే ఉన్నారు, నొప్పి ఉంటుందా, ఇక అన్నం తినకూడదా, జుట్టంతా ఊడిపోతుందటగా అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాసేస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, మీ సర్జన్ చెప్పింది దీనికి తేడాగా ఉంటే ఆయన మాటే వినండి. కాకపోతే థియేటర్లో జరిగే గంటా గంటన్నర పని ఆయనది, దానికి ముందు రెండు వారాలూ తర్వాత రెండు నెలలూ వంటింట్లో జరిగే పని మాత్రం మనది, ఆ పని గురించి హాస్పిటల్ వాళ్ళు ఇచ్చే కాగితంలో ఉండేది తక్కువ.

ముందు ఏ ఆపరేషనో తెలుసుకోండి. స్లీవ్ అంటే జీర్ణాశయాన్ని నిలువుగా కత్తిరించి మూడొంతుల పైగా తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసే భాగంలోనే, అందుకే మొదటి నెలల్లో ఆకలన్నదే పెద్దగా ఉండదు. బైపాస్ అయితే పైన చిన్న సంచిలా చేసి దాన్ని తిన్నగా చిన్నపేగుకి కలుపుతారు. బాగా ఎసిడిటీ ఉండి రాత్రిపూట గొంతులోకి పులుపు ఎగదన్నే వాళ్ళకి స్లీవ్ వల్ల అది ఇంకా పెరగొచ్చు, కాబట్టి ఆ బాధ ఉంటే దాచకుండా చెప్పండి. పక్కింటావిడ స్లీవ్ చేయించుకుందని మనమూ అదే అనడానికి ఇది చీర కాదు.

ఇన్సూరెన్స్ సంగతి తేదీ పెట్టుకునే ముందే తేల్చుకోవాలి. మన దేశంలో పాలసీలు మామూలుగా ఒప్పుకునేది 18 ఏళ్ళు నిండి బీఎంఐ 40 ఆపైన ఉంటే, లేదా 35 పైన ఉండి అదుపులో లేని షుగర్, గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా లాంటిది ఉంటే. బీఎంఐ లెక్క తేలికే, మీటర్లలో ఎత్తుని దానితో అదే గుణించి, వచ్చినదాంతో కిలోల్లో బరువుని భాగించడమే. నాది 45 దగ్గర వచ్చింది, అయినా మొదటిసారి వెనక్కి పంపారు. ఎందుకయ్యా అంటే ఇంతకుముందు డైట్, మందులు వాడినా ఫలితం లేదన్న ముక్క డాక్టర్ లెటర్‌లో లేదట. ఆ ఒక్క లైను కోసం మూడు వారాలు తిరిగాం. కాబట్టి మీ పాత డైటీషియన్ చీటీలు, జిమ్ రసీదులు, థైరాయిడ్ రిపోర్టులు ఏవీ పారేయకండి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఈ ఆపరేషన్‌కి డబ్బివ్వడానికి ఆగాల్సిన కాలం, ఎన్నాళ్ళో కూడా చూసుకోండి.

పరీక్షలు చాలానే ఉంటాయి. రక్తం, మూడు నెలల షుగర్, థైరాయిడ్, ఐరన్, బీ12, విటమిన్ డి, ఈసీజీ, ఎకో, పొట్ట స్కానింగ్, ఎండోస్కోపీ. గురక పెట్టేవాళ్ళయితే నిద్ర పరీక్ష కూడా. ఇందులో బీ12, డి తక్కువ ఉన్నాయని తెలిస్తే ఆపరేషన్ ముందే సరిచేసుకోవడం మంచిది, ఎలాగూ తర్వాత ఇంకా పడిపోయేవే.

ఇక ఆ రెండు వారాల డైట్. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. మా పెద్దమ్మ కొడుకైతే "ఎలాగూ కోసేస్తారుగా, ఇప్పుడే తినాలి" అని రోజుకో బిర్యానీ లాగించాడు. ఆ డైట్ మన బరువు తగ్గించడానికి కాదు, కాలేయం కోసం. లావుగా ఉన్నవాళ్ళకి కాలేయంలో కొవ్వు పేరుకుని అది ఉబ్బి ఉంటుంది, దాని ఎడమ వైపు సరిగ్గా జీర్ణాశయం మీదే కప్పుకుని ఉంటుంది. కెమెరాతో చేసే ఆపరేషన్‌లో సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుని కింద పని చేయాలి. రెండు వారాలు అన్నం, చపాతీ, తీపి మానేస్తే అది కుంచించుకుని మెత్తబడుతుంది, పని సులువవుతుంది. నాకు రెండుపూటలా ప్రోటీన్ షేక్, మధ్యాహ్నం ఆకుకూరో బీరకాయో కూరతో రెండు గుడ్ల తెల్లసొన ఇచ్చారు. మూడోరోజు తలనొప్పి వచ్చి ఇంట్లో అందరి మీదా అరిచాను, ఐదోరోజుకి సర్దుకుంది.

మందుల దగ్గర మొహమాటం అసలొద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు మామూలుగా కనీసం మూడు రోజుల ముందే ఆపిస్తారు, తిండి లేనప్పుడు అవి వేసుకుంటే షుగర్ మామూలుగానే కనబడుతూ లోపల కీటోన్లు, అంటే రక్తాన్ని ఆమ్లంగా మార్చే పదార్థాలు, పెరిగిపోవచ్చు. బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ లాంటి వారం వారం ఇంజెక్షన్ వాడుతుంటే మత్తు డాక్టర్‌కి తప్పనిసరిగా చెప్పండి, వాటివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. రక్తం పలచబడే మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, ఎవరో ఇచ్చిన నాటుమందు, అన్నీ చెప్పాలి. సిగరెట్ అయితే కనీసం ఆరు వారాల ముందు మానేయాలి, లోపలి కుట్లు మానేది రక్తప్రసరణ బాగుంటేనే.

ఇంట్లో సిద్ధం చేసుకోవాల్సినవి పెద్దగా లేవు. మంచి మిక్సీ, సన్నటి జల్లెడ, 30 మిల్లీలీటర్ల గీత ఉన్న మందు మూత, ఉగ్గుగిన్నె. నవ్వకండి. మా అత్తయ్య అటక మీంచి మా ఆయన పసిప్పటి వెండి ఉగ్గుగిన్నె తీసి చింతపండుతో తోమి ఇచ్చింది, అందులో సరిగ్గా రెండు మూతలు పట్టేవి. గ్లాసులో పోసుకుంటే చెయ్యి అలవాటు కొద్దీ ఎత్తేస్తుంది, గటగటా తాగాలనిపిస్తుంది. ఉగ్గుగిన్నెతో ఆ వీల్లేదు.

హాస్పిటల్లో రెండు మూడు రోజులే. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు. నొప్పి అంటే కుట్ల దగ్గరకంటే నాకు భుజం దగ్గర ఎక్కువ ఉంది, పొట్ట ఉబ్బించడానికి పంపిన గ్యాస్ వల్ల అలా అవుతుందట, నడిస్తే తగ్గుతుంది. ఆ సాయంత్రమే లేపి నడిపిస్తారు. తల తిరుగుతోందని పడుకోకండి, నర్సు చెయ్యి పట్టుకునైనా నాలుగడుగులు వేయండి, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అదే ముఖ్యమైన మందు. బిగుతు సాక్సులు, పొట్టలో వేసే ఇంజెక్షన్ కూడా దానికోసమే. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి ఊపిరి లాగమంటారు, గంటగంటకీ లాగండి.

మేం గుంటూరు వాళ్ళం, ఆపరేషన్ హైదరాబాద్‌లో. డిశ్చార్జ్ చేయగానే ఇంటికొచ్చేయకుండా వారం రోజులు మా చెల్లెలింట్లో ఉన్నాం. అది మేం చేసిన తెలివైన పని. లోపలి కుట్టు దగ్గర లీక్ అయితే అది తెలిసేది చాలాసార్లు ఇంటికెళ్ళాకే. తిరిగొచ్చేటప్పుడు కూడా కారు గంటకోసారి ఆపి దిగి నడిచాను. సూర్యాపేట దగ్గర అందరూ టిఫిన్లు తింటుంటే నేను పార్కింగ్‌లో చుట్లు కొడుతూ నీళ్ళు చప్పరించాను.

ఈ లక్షణాల్లో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టుకుంటూ కూర్చోవద్దు, ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళండి: ఊరికే కూర్చున్నా గుండె నిమిషానికి 120 పైన కొట్టుకోవడం, జ్వరం, రోజురోజుకీ పెరిగే కడుపునొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పిగా ఉండటం, నల్లటి విరేచనం, గుక్కెడు నీళ్ళు కూడా నిలవకపోవడం. ఇందులో గుండె వేగం సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి, జ్వరం లేకపోయినా లీక్ అయినప్పుడు ముందు అదే పెరగొచ్చు.

తిండి వరస ఒక్కో సర్జన్‌ది కాస్త తేడాగా ఉంటుంది. నాకు మొదటి రెండు రోజులు నీళ్ళు, కొబ్బరినీళ్ళు, మజ్జిగ తేట. ఆ తర్వాత రెండు వారాలు వడగట్టిన పెసరకట్టు, పలచటి రాగిజావ, చికెన్ సూప్, ప్రోటీన్ పొడి కలిపిన పాలు. మూడు, నాలుగు వారాలు మెత్తగా మిక్సీ పట్టిన పప్పు, గుడ్డు, పెరుగు. తర్వాత ఇడ్లీ, పనీర్, ఉడికించిన చేప. రెండు నెలలకి మామూలు తిండి. ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, పప్పు కట్టు బలం అనుకుంటారు. కట్టులో ప్రోటీన్ అంతంతమాత్రమే. రోజుకి 60 గ్రాములకి తగ్గకూడదు, ఒక గుడ్డులో ఉండేది 6, కప్పు పెరుగులో ఓ 7 లేదా 8. లెక్క వేసుకుంటే మొదటి రెండు నెలలు పొడి లేకుండా కుదరదని మీకే అర్థమవుతుంది. నాకు వెనీలా వాసన పడలేదు, ఏ రుచీ లేని పొడి తెచ్చి చికెన్ సూప్‌లో, రసంలో కలుపుకునేదాన్ని. మరీ వేడిగా ఉంటే ఉండ కడుతుంది, గోరువెచ్చగా అయ్యాక కలపండి.

నీళ్ళు పావుగంటకి ఓ మూత. రోజంతా ఇదే పని, ఉద్యోగంలా ఉంటుంది. తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. అన్నం కలిపి ముద్ద ముద్దకీ నీళ్ళు తాగే అలవాటున్న నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే.

ఐదోవారంలో ఓ తప్పు చేశాను. పిల్లాడి ప్లేట్లో దోసె అంచు కరకరలాడుతూ కనిపించింది, చిన్న ముక్కే కదా అని నోట్లో వేసుకుని, ఫోన్ మోగితే సరిగ్గా నమలకుండానే మింగేశాను. నిమిషంలో రొమ్ము మధ్యలో రాయి పెట్టినట్టయింది. నోట్లో జిగురు ఊరిపోతోంది, ఉమ్మినకొద్దీ వస్తోంది, కిందికీ పోదు, పైకీ రాదు. సింక్ పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను, చివరికి ఆ ముక్క అలాగే బయటికొచ్చింది. అలా ఇరుక్కున్నప్పుడు పైనుంచి నీళ్ళు తాగి తోసేద్దామనుకోకండి, బాధ పెరుగుతుంది, లేచి మెల్లగా నడవండి. అన్నం ముద్ద, మెత్తటి బ్రెడ్డు, ఎండిపోయిన చికెన్, ఇవి ఇరుక్కునే బాపతు. చిన్న స్పూను వాడండి, పాతిక సార్లు నమలండి. తినేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. వాంతులు మాత్రం రోజుల తరబడి అవుతుంటే ఊరుకోవద్దు, బీ1 విటమిన్ పడిపోయి నరాలకి దెబ్బ తగలొచ్చు.

షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ఇంట్లో మిషన్ పెట్టుకుని రోజూ చూసుకోవాలి, తిండి తగ్గాక పాత మోతాదు ఎక్కువైపోతుంది. నా బీపీ మాత్ర మూడోవారంలోనే సగం చేశారు. మోకాళ్ళ నొప్పులని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కొనుక్కుని వేసుకోకండి, లోపల పుండు పడొచ్చు, బైపాస్ వాళ్ళకి మరీను.

మూడోవారం ప్రాంతంలో కాటా ముల్లు కదలకపోవచ్చు. టెన్షన్ పడకండి, చాలామందికి అవుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ దిగుతుంది. మూడు నాలుగు నెలలకి చాలామందికి జుట్టు ఊడుతుంది, దువ్వెన నిండా. అదీ ఆగుతుంది, ఎనిమిదో నెలకి నాకు నుదుటి మీద కొత్త వెంట్రుకలు ముళ్ళలా లేచాయి. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు కూడా రావచ్చు, అందుకని కొందరికి ఆరు నెలలు మాత్ర ఇస్తారు, దాన్ని ఎసిడిటీ మాత్ర అనుకుని మధ్యలో ఆపేయకండి. పీసీఓడీ ఉన్న అమ్మాయిలూ, బరువు తగ్గాక నెలసరి సర్దుకుని అనుకోకుండా గర్భం రావచ్చు, ఆపరేషన్ తర్వాత గర్భానికి కనీసం 12 నుంచి 18 నెలలు ఆగమంటారు, మీ డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి.

విటమిన్లు జీవితాంతం. నా ఫోన్లో నాలుగు అలారాలున్నాయి, ఎందుకంటే కాల్షియం, ఐరన్ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఐరన్ వేసుకుని కాఫీ తాగినా దండగే.

చుట్టాల సంగతి చెప్పకపోతే ఇది పూర్తవదు. ఊరందరికీ చెప్పక్కర్లేదు గానీ ఇంట్లో వండేవాళ్ళకీ వడ్డించేవాళ్ళకీ మాత్రం తెలియాలి, లేకపోతే "ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు" మొదలవుతుంది. పెళ్ళి భోజనాలకి నేను కనిపెట్టిన ఉపాయం, చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవడం. నా విస్తట్లో పడిన బూరెలు, గారెలు వాళ్ళ విస్తట్లోకి వెళ్ళిపోతాయి, నేను పప్పు, కూర, పెరుగు కాస్త కాస్త నమిలేసరికి పంక్తి లేచే వేళవుతుంది. వడ్డించేవాళ్ళొస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, నోటి నిండా నమలుతూ తల ఊపండి, మాట్లాడితే మాత్రం వేసేస్తారు.