నల్లమల పాత రైలు సొరంగం చరిత్ర తవ్వడం ఎలా?

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైలెక్కితే నల్లమలలో బొగద స్టేషన్ వస్తుంది. బొగదా అంటేనే సొరంగం. 1990ల్లో గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మార్చి దారి మళ్లించాక పాత సొరంగం ఉన్న మీటర్‌గేజ్ దారి అడవిపాలైంది. 1884లో మొదలై 1887లో ముగిసిన దొరబావి వంతెన ఆ దారిదే.

ముందు కాగితాలు చూడండి, కొండకు తర్వాత వెళ్లొచ్చు. బొగద పేరుతో వెతికితే చేతికి పెద్దగా ఏమీ చిక్కదు. ఆనాటి రికార్డుల్లో ఈ లైను 'బెల్లారి–కిస్ట్నా స్టేట్ రైల్వే'. కృష్ణాను వాళ్లు 'కిస్ట్నా' అనే రాశారు. నడిపింది సదరన్ మరాఠా రైల్వే. అది 1908లో మద్రాస్ రైల్వేతో కలిసింది కాబట్టి ఆ తర్వాతి కాగితాలు 'మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే' అనే కొత్త పేరు కింద ఉంటాయి. జిల్లా దగ్గర కర్నూలు అనే వెతకాలి, నంద్యాల జిల్లా పుట్టింది 2022లోనే. బ్రిటిష్ పాలనలోని మద్రాస్ ప్రెసిడెన్సీ కాలపు ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో చూడొచ్చు. మ్యాపుకు సర్వే ఆఫ్ ఇండియా 57 ఐ షీటు, పాతదొకటి, కొత్తదొకటి తీసుకోండి. రెండింటినీ పక్కపక్కన పెడితే దారి ఎక్కడ విడిపోయిందో తెలిసిపోతుంది.

ఇది గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉన్న అడవి. అధ్యయనానికైనా, ఫొటోలకైనా వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రైళ్లు తిరిగే కొత్త పట్టాల మీదుగా నడిచి వెళ్లడం నేరం, ప్రాణాపాయం కూడా.

సొరంగం మొగ దగ్గర ముందు ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి కమాను కింద చూడండి. కొండతేనె పట్టు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. ఫ్లాష్, పొగ, సెంటు ఏవీ పనికిరావు. లోపలికి వెళ్లొద్దు. ఎలుగుబంట్లు ఉండొచ్చు, గబ్బిలాల పెంట దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. దీపం ఆరకుండా వెలుగుతోందంటే గాలి మంచిదనీ కాదు.

మొగ దగ్గర కొలతలు నేల నుంచి తీస్తే తప్పు వస్తుంది, అక్కడ మట్టి మేట వేసి ఉంటుంది. కమాను మొదలయ్యే రాతివరుస కదలదు కాబట్టి అక్కడ వెడల్పు, అక్కడి నుంచి కప్పు దాకా ఎత్తు తీసుకోండి. కంకరలో స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల) అచ్చులు మిగిలి ఉంటే పొడవు కొలవండి. సుమారు 1.8 మీటర్లుంటే మీటర్‌గేజ్, 2.75 ఉంటే బ్రాడ్‌గేజ్. సొరంగం వెడల్పును బట్టి గేజ్ తేల్చకండి.

గోడ మీద పేర్చి కట్టిన రాయి ఎక్కడ ఆగి, కొండ బండ ఎక్కడ మొదలైందో గుర్తించండి. బండలో నిలువుగా చీల్చిన గొట్టంలాంటి గాడులు ఉంటే అవి పేలుడు మందు కూరిన రంధ్రాల సగాలు. రైలు వచ్చినప్పుడు మనుషులు దాక్కునే గోడ గూళ్ల మధ్య దూరం మొగ దగ్గర కనిపించినంత మేర రాసుకోండి. కప్పు మీది నల్లటి పొర ఆవిరి ఇంజన్ల మసి కావచ్చు. దాన్ని గీకొద్దు, కడగొద్దు, అదీ సాక్ష్యమే.

చెక్కిన అక్షరాలు అరిగిపోయి ఉంటే సుద్ద పూయకండి. టార్చిని రాతికి ఆనించినట్టు పక్క నుంచి వేస్తే గాట్లలో నీడ పడి తేదీ పైకి తేలుతుంది. ప్రతి ఫొటోలో పది సెంటీమీటర్ల గీతలున్న మీటరు కర్ర పెట్టండి.