మీ దుకాణం మూతపడితే ఎవరికి ఇబ్బంది? ఒక గిర్నీ లెక్క

కల్వకుర్తిలో మాకు పిండి గిర్నీ ఉంది. జొన్నలు, గోధుమలు, తైదలు (రాగులు), బియ్యం పట్టే రాళ్ల మిషన్ ఒకటి, కారం, పసుపు కొట్టే మిషన్ వేరే ఒకటి. మా మామ పెట్టిన గిర్నీ ఇది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. మహిళా సంఘం మీటింగుల్లో కొత్తగా దుకాణం పెట్టినవాళ్లు "అక్కా, బిజినెస్ పెంచాలంటే ఏం చేయాలి?" అని అడుగుతుంటారు. నేను ముందు ఒక ప్రశ్న వేస్తా: మీ దుకాణం రేపు మూతపడితే ఎవరికి ఇబ్బంది, ఏం ఇబ్బంది?

"ఇంకెవరికి, మాకే" అని నవ్వుతారు చాలామంది. నిజమే, కిస్తీ కట్టేది మనమే. కానీ మూతపడినా గిరాకీకి ఏ ఇబ్బందీ రాని దుకాణానికి మనిషి తిరిగి రావాల్సిన పని కూడా ఉండదు. పక్కన రూపాయి తక్కువకు ఇచ్చేవాడు వచ్చేదాకా నడుస్తుంది, అంతే.

మన దుకాణం ఉద్దేశం ఏంటన్నదే ఈ ప్రశ్న. ఉద్దేశం అనగానే సేవ, సమాజం అంటూ పెద్ద మాటలు మొదలవుతాయి. వాటిని పక్కన పెట్టండి. షట్టర్ ఎత్తినప్పటి నుంచి దించేదాకా ఏ పని ఒప్పుకోవాలి, ఏ పని వద్దనాలి, చేతిలో ఉన్న పైసలు ముందు దేనికి పెట్టాలి అన్నది తేల్చే ఒక్క మాట దొరికితే సరిపోతుంది.

ఆ మాట ఎక్కడ దొరుకుతుంది

ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే దొరకదు, గిరాకీల నోట్లోంచి వినాలి. "మా పని బాగుందా?" అని అడగకండి. మొహం మీద బాగాలేదని ఎవరూ అనరు. "ఇంత దూరం ఎందుకు వచ్చారు? ఇంతకు ముందు ఎక్కడికి పోయేవాళ్లు?" అని అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే ఒక నోట్‌బుక్‌లో రాయండి. రావడం మానేసినవాళ్ల పేర్లు కూడా అదే పుస్తకంలో ఇంకో పక్కన రాసుకోండి. ఆ పక్క చదవడానికి మనసొప్పదు కానీ ఎక్కువ పనికొచ్చేది అదే.

సూపర్ మార్కెట్లో పిండి ప్యాకెట్ దొరుకుతుంటే వెల్దండ నుంచి, వంగూరు నుంచి సంచి మోసుకుని మా దగ్గరికి ఎందుకు వస్తారు? అడిగితే తిరిగి తిరిగి మూడు సంగతులే వచ్చాయి. మొదటిది, ప్యాకెట్ జొన్నపిండితో రొట్టె పగులుతుంది. జొన్నలో గోధుమకు ఉండే సాగే గుణం లేదు. అందుకే వేడినీళ్లు పోసి కలుపుతాం. పిండి పాతబడితే వేడినీళ్లు పోసినా అంచులు విరుగుతాయి. సజ్జపిండి ఇంకా తొందరగా చేదెక్కుతుంది, అందులో నూనె ఎక్కువ. రెండోది, పొలంలో పండినవో, చూసి కొన్నవో, తమ గింజలు ఇంకొకరి గింజలతో కలవడం వాళ్లకు ఇష్టం ఉండదు. మూడోది కారం గురించి. మిరపకాయలు తొడిమ తీసి, ఎండబెట్టి తెచ్చినావిడ మిషన్ ముందర నుంచి కదలదు. ఆమెకు మన మీద అనుమానం అనుకోవద్దు. ఏడాది పాటు ఇంటిల్లిపాదీ తినే కారం అది.

ఈ మూడు సంగతులూ కలిపి మేం రాసుకున్న వాక్యం ఇది: "ఎవరి గింజలు వాళ్లకే, కండ్ల ముందర, అదే పూట."

మీరూ ఒక్క వాక్యం రాయండి. రాశాక అది దేన్ని వద్దంటుందో చూడండి. "నాణ్యమైన సేవ, సరసమైన ధర" అనే మాట ప్రతి బోర్డు మీదా ఉంటుంది, అది దేన్నీ ఆపదు. మా సంఘంలో ఒకామె బట్టలు కుడుతుంది. మన దగ్గర బడులు జూన్ 12న తెరుస్తారు. "బడి తెరిచే రోజుకు పిల్లల ఒంటి మీద కొత్త డ్రెస్ ఉండాలి" అని ఆమె రాసుకుంది. మే నెలలో పెళ్లి బ్లౌజుల పని వస్తుంది, దాంట్లో పైసలు ఎక్కువ. ఆ వాక్యం ఆమెను అక్కడ ఇరుకున పెడుతుంది, అందుకే అది పనికొచ్చే వాక్యం. ఇప్పుడు పెళ్లి పని మే నెల సగం దాకే తీసుకుంటుంది. బోరు మోటర్లకు వైండింగ్ చేసే ఒకతను ఇంకా తెలివిగా రాసుకున్నాడు: "మోటర్ కాలినా మడి ఎండొద్దు." దుకాణానికి అద్దాల తలుపు పెట్టిద్దామని దాచిన పైసలతో రెండు పాత మోటర్లు కొని పెట్టుకున్నాడు. రైతు మోటర్ రిపేరులో ఉన్నన్ని రోజులు వాటిని కిరాయికి ఇస్తాడు. ఆ కిరాయే అతనికి ఇంకో రాబడి అయింది.

వాక్యానికి ఎంత ఖర్చవుతుందో రాయండి

మంచి మాట రాసుకుని లెక్క రాయకపోతే ఆ మాట ఆరు నెలలు నిలవదు. మా వాక్యాన్ని నిలబెట్టడానికి రోజూ ఖర్చు ఉంది. రాళ్ల మధ్యన ముందు పట్టిన పిండి కొంత మిగులుతుంది. గోధుమ తర్వాత జొన్న పోస్తే మొదటి గుప్పెళ్లు కలిసిన పిండే వస్తుంది. దాన్ని వేరే డబ్బాలో పడతాం, అది బర్రెలకు పోతుంది. ఆ డబ్బా గిరాకీకి కనిపించే చోటే పెట్టాం. పోయినంత పిండి మా సొంత జొన్నల్లోంచి తూకం వేసి ఇస్తాం. ఇదంతా "మాట ఖర్చు" అని లెక్కల పుస్తకంలో ఒక గడి కింద రాస్తా.

కరెంటు లెక్క కూడా చేత్తో వేసుకోవాలి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 10 హార్స్‌పవర్ మోటర్ నిండు లోడుతో గంట తిరిగితే ఏడున్నర యూనిట్లకు పైనే కాలుతుంది. ఆ గంటలో ఎన్ని కిలోలు పట్టామో గడియారం పెట్టి చూడండి. బెల్టు, రాళ్లకు గాట్లు కొట్టించే ఖర్చు, మనిషి కూలి కలిపి కిలోకు ఎంత పడుతుందో తీయండి. మా దగ్గర బయటపడిన సంగతి ఏంటంటే, ధర తక్కువై నష్టం రావడం లేదు. రెండు కిలోల జొన్నలు, తర్వాత మూడు కిలోల గోధుమలు, మళ్లీ జొన్నలు, ఇలా మార్చి మార్చి పట్టడంలో టైమూ పిండీ పోతున్నాయి. అందుకే జొన్న, సజ్జ, తైదలు పొద్దున, గోధుమలు సాయంత్రం అని వేళలు పెట్టాం. మొదట్లో గొణిగారు. ఒకే రకం వరుసగా పడితే కలిసేది తగ్గుతుందని డబ్బా చూపించి చెబితే ఒప్పుకున్నారు. వేరే కారణం చెబితే ఒప్పుకునేవాళ్లు కాదేమో.

లెక్క తీశాక కూడా మీ వాక్యం ఇంటి ఖర్చుకు సరిపడా మిగల్చకపోతే ధర పెంచండి, లేదా వాక్యం చిన్నది చేయండి. సొంత బిడ్డల ఫీజు ఆపి ఊరికి మేలు చేయమని నేను ఎవరికీ చెప్పను.

వద్దనడం, సగం వద్దనడం

కొన్ని సులువుగా వద్దనొచ్చు. కారంలో కొంచెం రంగు కలిపి ప్యాకెట్లు చేసివ్వమని ఒక వ్యాపారి అడిగాడు. కారానికి కలిపే సుడాన్ లాంటి రంగులు మన దేశంలో నిషేధం. అలాంటివాటికి ఉద్దేశం దాకా పోనక్కర్లేదు, చట్టమే వద్దంటుంది.

కష్టమైనది మంచి పని వద్దనడం. ఒక హాస్టల్ వాళ్లు రోజూ గోధుమలు పట్టించుకుంటామని వచ్చారు. ఖచ్చితమైన ఆదాయం, బాకీ టెన్షన్ లేదు. కానీ వాళ్లకు కావాల్సింది సాయంత్రం వేళ. అప్పుడు వాళ్ల బస్తాలు పెడితే సంచి పట్టుకుని నిలబడ్డవాళ్లు "అదే పూట" పిండి తీసుకుపోలేరు. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా మా మిషన్ ఖాళీగా ఉంటుంది, ఆ వేళకు తెస్తే కిలోకు కొంచెం తగ్గిస్తామని చెప్పాం. ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే వదిలేసేదాన్ని అనే అనుకుంటున్నా. చాలాసార్లు "వద్దు" అనే బదులు "ఈ పద్ధతిలో అయితే సరే" అనే దారి ఉంటుంది. మన వాక్యంలో ఏ ముక్క దెబ్బ తింటుందో తెలిస్తేనే ఆ పద్ధతి తోస్తుంది.

ఖాళీ నెలలు ఇంకో పరీక్ష. మాకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కారం, పసుపు. సంక్రాంతి ముందర సకినాలకు, అరిసెలకు తడి బియ్యం. వానాకాలం మాత్రం సగం రోజు ఊరికే కూర్చోవడమే. అప్పుడే ఫ్యాన్సీ సామాన్లు పెడదామా, జిరాక్స్ మిషన్ పెడదామా అని పురుగు తొలుస్తుంది. మా ఆయన కూల్ డ్రింకుల ఫ్రిజ్ అన్నాడు. ఫ్రిజ్ అయితే వచ్చింది లెండి, నిలబడేవాళ్లకు చల్లటి నీళ్లు కావాలి కదా అన్నాడు. జిరాక్స్ ఆపగలిగాను.

పెరగడం

పాలమూరు నుంచి పని కోసం హైదరాబాద్, ముంబై, పుణె పోయినవాళ్లు లేని ఊరు లేదు. పండుగకు వచ్చి తిరిగి పోయేటప్పుడు జొన్నపిండి, కారం కట్టుకుపోతారు. నెల తిరగకముందే పిండి అయిపోతుంది. మా కొత్త గిరాకీ ఎవరో నోట్‌బుక్‌లో అప్పటికే ఉంది: "కొడుక్కు పంపాలి" అని అవ్వలు చెప్పిన మాట. 2020లో ఆర్టీసీ కార్గో మొదలైనప్పటి నుంచి బస్టాండ్‌లో ఇస్తే హైదరాబాద్‌కు పార్శిల్ పోతుంది. "కండ్ల ముందర" అన్న మాట వాళ్లకెలా నిలబెట్టాలి? సంచి మీద పేరు చీటీ పెట్టి, గింజలు పోసేటప్పుడు చిన్న వీడియో తీసి వాట్సాప్‌లో పంపుతాం. ఒక ముఖ్యమైన సంగతి: రాళ్లలోంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. అలాగే కవర్లో కట్టేస్తే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, వాసన వస్తుంది. పరిచి పూర్తిగా చల్లార్చాకే కట్టాలి.

మన పేరుతో పిండి అమ్మడం మొదలుపెట్టే ముందే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోండి, ప్యాకెట్ మీద బరువు, తేదీ, ఆ నంబర్ వేయండి. చిన్న వ్యాపారాలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి వేలల్లో అడిగేవాళ్లను నమ్మొద్దు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ముద్ర రుణాల్లో 'శిశు' 50 వేల దాకా, 'కిశోర్' 5 లక్షల దాకా ఉంటుంది. ఎంత దొరుకుతుందో చూసి మిషన్ ఎంచుకునేవాళ్లే ఎక్కువ. దానికి బదులు మిషన్ కొటేషన్ పక్కన మీ వాక్యం పెట్టుకుని, ఏ ముక్కకు ఇది పనికొస్తుందని అడగండి. ఆటోమేటిక్ ప్యాకింగ్ మిషన్ చూడ్డానికి బాగుంది. మా వాక్యంలో దానికి చోటు లేదు. గింజల్లోని రాళ్లు, దుమ్ము తీసే మిషన్‌కు ఉంది, అదే తీసుకున్నాం.

పనిచేసే పిల్లవాడికి ఉద్దేశం గురించి ఉపన్యాసం ఇస్తే తలూపుతాడు, వెనక్కి తిరగగానే మరిచిపోతాడు. అతనికి చెప్పింది మూడే: రకం మారితే మొదటి పిండి డబ్బాలోకి, గిరాకీ కండ్లకు అడ్డంగా నిలబడొద్దు, రేపు రమ్మని పంపే ముందు నన్నడుగు.

వాక్యం రాసుకున్నాం కదా అని జన్మంతా పట్టుకుని ఉండక్కర్లేదు. దసరాకు మిషన్లు ఆపి, కడిగి, పూజ చేస్తాం. నోట్‌బుక్ మొత్తం చదివేది ఆ రోజే. ఈ మధ్య అద్దె ఇండ్లలో ఉండే టీచర్లు, చిన్న ఉద్యోగులు ఎక్కువ వస్తున్నారు. వాళ్లకు సొంత గింజలు లేవు, "రెండు కిలోల జొన్నపిండి ఇవ్వండి" అంటారు. "ఎవరి గింజలు వాళ్లకే" అనే ముక్క వాళ్లకు సరిపోదు. నాలుగు రకాల జొన్నలు బస్తాల మూతి తెరిచి పెట్టి, ఏ ఊరివో, ఏ పంటవో చీటీ రాసి, వాళ్లే చూసి ఎంచుకున్నాక పట్టివ్వాలని అనుకుంటున్నాం. గింజలకూ పట్టినదానికీ ధర విడివిడిగా రాయాలని నేను, కలిపి ఒకటే చెప్పాలని మా ఆయన. ఈ దసరా లోపల తేల్చాలి.