చివరి రోజులు ఇంట్లోనే గడిపే రోగికి సేవ చేయడం ఎలా?

ఇక నయం కాదని తేలిన మనిషి చివరి రోజులు ఇంట్లోనే గడపాలని కోరుకుంటే, ఇంట్లోవాళ్లు ముందుగా సిద్ధం చేసుకోవలసింది ఒక కాగితం. ఏ మందు ఏ వేళకు ఎంత ఇవ్వాలో, నొప్పి ఎక్కువైతే ఏం చేయాలో, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో డాక్టరునో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) నర్సునో అడిగి అందులో రాసుకుని, మంచం దగ్గర గోడకు అంటించాలి. మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్లాలా, వెంటిలేటర్ పెట్టించాలా అన్నవి రోగి మాట్లాడగలిగిన రోజుల్లోనే ఆయననే అడగాలి. అడగడానికి మనసొప్పదు, కానీ అడగకపోతే ఆ నిర్ణయం తరువాత భయంలో, తొందరలో మరొకరు తీసుకోవలసి వస్తుంది.

నొప్పి మందును నొప్పి వచ్చేదాకా ఆగి ఇవ్వకూడదు. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందులో త్వరగా పనిచేసే రకం ప్రభావం సుమారు 4 గంటలే ఉంటుంది గనుక, డాక్టరు చెప్పిన వేళకు గడియారం చూసి ఇవ్వాలి. మధ్యలో నొప్పి ఎక్కువైతే ఇవ్వవలసిన అదనపు మోతాదును, మింగలేని స్థితి వస్తే మందు ఏ విధంగా ఇవ్వాలన్నదీ ముందే తెలుసుకోవాలి. అలవాటు పడిపోతారేమోనన్న భయంతో మోతాదు తగ్గించి ఇచ్చేవాళ్లున్నారు. ఈ దశలో ఆ భయం అక్కరలేదు, దానివల్ల బాధపడేది రోగే. మార్ఫిన్ వాడే దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది కాబట్టి, విరేచనం సాఫీగా అయ్యే మందును కూడా మొదటి రోజే రాయించుకోవాలి. ఇచ్చిన ప్రతి మోతాదునూ వేళతో సహా నోటు పుస్తకంలో రాయాలి. మాట పోయాక నొప్పి ముఖంలోనే కనిపిస్తుంది: కనుబొమలు ముడిపడతాయి, పక్కకు తిప్పుతుంటే మూలుగు వస్తుంది, వేళ్లు దుప్పటిని గట్టిగా పట్టుకుంటాయి. ఉన్నట్టుండి అలజడి మొదలైతే, మూత్రం ఆగి పొత్తికడుపు ఉబ్బిందేమో చూసి నర్సుకు చెప్పాలి.

అన్నిటికన్నా కష్టమైనది తిండి విషయం. రోగి తినడం మానేస్తే, కడుపు మాడుస్తున్నామన్న బాధ ఇంట్లోవాళ్లను నిద్రపోనివ్వదు. నిజానికి జబ్బు బాగా ముదిరాక ఆహారాన్ని ఒంటికి పట్టించుకునే శక్తి శరీరానికి పోతుంది, ఆకలి దానంతటదే చచ్చిపోతుంది. చెంచా దగ్గరకు తెచ్చినప్పుడు పెదవులు బిగించి తల పక్కకు తిప్పుకుంటే అదే ఆయన జవాబు. బలవంతంగా పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అడిగితే మాత్రం తల ఎత్తుగా ఉంచి ఒకటి రెండు చెంచాలు ఇవ్వవచ్చు. ఈ దశలో దాహంలా అనిపించేది చాలావరకు నోరు ఎండిపోవడమే. మెత్తని శుభ్రమైన గుడ్డను తడిపి, నీరు కారకుండా పిండి, చూపుడు వేలికి చుట్టుకుని బుగ్గల లోపల, చిగుళ్ల మీద, నాలుక మీద నెమ్మదిగా తుడిచి, పెదవులకు లిప్ బామ్ పలుచగా రాయాలి. గంటకో రెండు గంటలకో ఒకసారి ఇలా చేస్తే, తినిపించాలని తపించే చేతులకు ఆయనకు నిజంగా హాయినిచ్చే పని దొరుకుతుంది.

కదలలేని రోగిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు ఆనకుండా చూడాలి. ఎర్రబడిన చోట రుద్దకూడదు. తిప్పడమే బాధగా ఉంటే, ముందుగా అదనపు మోతాదు ఇవ్వవచ్చేమో నర్సును అడగాలి. ఇవన్నీ ఒక్కరే చేయలేరు, రాత్రి కాపలాకు వంతులు వేసుకోవాలి.

ఆయాసం వస్తే తలవైపు ఎత్తు చేసి, ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టాలి. చివరి గంటల్లో చేతులు, కాళ్లు చల్లబడతాయి, చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది, ఊపిరి కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. గొంతులో గరగర శబ్దం వింటున్నవాళ్లకు భయం వేస్తుంది. స్పృహ తగ్గిన రోగికి దానివల్ల బాధ ఉండదనే వైద్యులు చెబుతారు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే తరచూ తగ్గుతుంది. స్పృహ లేదనిపించినా వినపడుతుందనే భావించి, చేయి పట్టుకుని, ఎవరు మాట్లాడుతున్నారో పేరు చెప్పి మాట్లాడాలి.

ఊపిరి ఆగిపోయాక హడావిడి పడనక్కరలేదు. ఆ వేళను అదే నోటు పుస్తకంలో రాసి, కావలసినంతసేపు పక్కన కూర్చుని, ఆ తరువాత మరణాన్ని ధ్రువీకరించడానికి డాక్టరుకు ఫోన్ చేయవచ్చు.