చుక్కల కుక్కపిల్ల: డాల్మేషియనా, గ్రేట్ డేనా?

"అన్నా, డాల్మేషియన్ జాతి కుక్కపిల్ల అని చెప్పి అమ్మారు. ఆరో నెలకే డైనింగ్ టేబుల్ మీది పళ్ళెం అందుకుంటోంది. ఏమైనా జబ్బా?" తిరుచానూరు రోడ్డులో ఉండే తమ్ముడు ఒకతను మొన్న టెన్షన్‌గా అడిగాడు. ఫోటో చూశాను. జబ్బేమీ కాదు, అది గ్రేట్ డేన్ అనే భారీ జాతి కుక్క. తెలుపు మీద నల్ల మచ్చలుండే హార్లెక్విన్ రకం. నెల పిల్లగా ఉన్నప్పుడు ఈ రెండింటినీ చూసి చాలామంది పొరబడతారు.

సమస్య: ఏ జాతో తేలడం లేదు

కారణం: రెండూ తెల్లగానే ఉంటాయి, నల్ల మచ్చలూ ఉంటాయి. కానీ ఆ మచ్చలు వచ్చే తీరు వేరు. డాల్మేషియన్ పిల్లలు దాదాపు తెల్లగా పుడతాయి. రెండు వారాలు వచ్చేసరికి చుక్కలు తేలడం మొదలవుతుంది. హార్లెక్విన్ డేన్ మచ్చలతోనే పుడుతుంది.

ఏం చేయాలి: పుట్టిన వారంలో తీసిన ఫోటోలు అడగండి. తల్లిని చూపించమనండి. చూపించకుండా మాట దాటేస్తే ఆ బేరం వదిలేయడమే మేలు. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళతో పిల్ల పొట్ట, పక్కలు తడపండి. డాల్మేషియన్ అయితే, బొచ్చు మీద ఇంకా తేలని చుక్కలు కూడా తడిసిన బొచ్చు కింద చర్మం మీద బూడిదరంగులో కనిపిస్తాయి. పెద్దయ్యాక అవి రూపాయి బిళ్ళల్లా గుండ్రంగా, విడివిడిగా నిలుస్తాయి. డేన్ మచ్చలకు గుండ్రం ఉండదు. కాగితం చింపి అంటించినట్టు అంచులు చీలికలుగా ఉంటాయి, మధ్యలో అక్కడక్కడా బూడిదరంగు మచ్చలూ ఉండొచ్చు. ఒక్క చెవి మాత్రం పూర్తిగా నల్లగా ఉందని డాల్మేషియన్ కాదనుకోకండి. కొన్ని పిల్లలు అలాంటి పెద్ద మచ్చతోనే పుడతాయి.

ఇంకా అనుమానముంటే ముందుకాళ్ళు చూడండి. డేన్ పిల్ల మోకాళ్ళు ముడి వేసినట్టు లావుగా ఉంటాయి. ఎదిగిన మగ డాల్మేషియన్ భుజం దగ్గర 62 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. మగ డేన్ 80 దాటుతుంది.

సమస్య: పిలిస్తే పలకదు

మొండితనం అనుకుని కొట్టకండి, పాపం. డాల్మేషియన్లలో పుట్టు చెవుడు ఎక్కువ. కొన్నింటికి ఒక చెవే వినపడదు, కొన్నింటికి రెండూ. డేన్లలో ఒంటి మీద తెలుపు బాగా ఎక్కువైన పిల్లల్లోనూ ఇది ఉంటుంది. నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి, నేల అదరకుండా, గాలి తగలకుండా తాళాలు ఆడించండి. చెవి కదలకపోతే వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి. నిజంగానే చెవుడైతే చేతి సైగలు నేర్పించండి, అవి బాగానే నేర్చుకుంటాయి. రోడ్డు మీద మాత్రం గొలుసు తీయొద్దు. అలాంటి కుక్కతో పిల్లలు పెట్టించొద్దు.

సమస్య: కాలెత్తి నిలబడుతుంది, మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతుంది

జాతి తెలుసుకోవాలని నేను ఇంత పట్టుబట్టేది దీని కోసమే. పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల డాల్మేషియన్ మూత్రంలో యూరిక్ ఆసిడ్ ఎక్కువగా పోతుంది. అది రాళ్ళు కడుతుంది. మగకుక్కల మూత్రనాళం సన్నం కాబట్టి రాయి అక్కడ ఇరుక్కుంటుంది. మన దగ్గర చవగ్గా దొరుకుతుందని రోజూ చికెన్ లివర్ ఉడికించి పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. యూరిక్ ఆసిడ్‌ను పెంచుతాయి కాబట్టి డాల్మేషియన్‌కు లివర్, కిడ్నీ, నెత్తళ్ళు మానేయండి. అన్నం, గుడ్డు పెట్టొచ్చు. చిత్తూరు, తిరుపతి ఎండల్లో నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి, అన్నంలోనూ నీళ్ళు కలపండి. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ రాళ్ళు మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా కనపడవు, స్కానింగ్ గురించి అడగండి.

సమస్య: తిన్న తర్వాత పొట్ట డప్పులా బిగిసింది

ఇది డేన్‌కు ఎక్కువగా వచ్చే ప్రమాదం. కడుపు గాలితో ఉబ్బి మెలిపడుతుంది. వాంతికి ఉక్కిరిబిక్కిరవుతుంది కానీ ఏమీ రాదు, నురగ తప్ప. రోజుకొక్కసారి కడుపునిండా పెట్టకుండా రెండు మూడుసార్లుగా పెట్టండి, తిన్న వెంటనే పరిగెత్తించకండి. ఆ తమ్ముడికి కూడా అదే చెప్పాను: ఈ లక్షణం కనపడితే వాము నీళ్ళు తాగించి చూద్దామనుకోవద్దు, అర్ధరాత్రైనా సరే బండెక్కించు.